పెదవులు కలవని పాట

పోయిన వారం పెన్సిలుని ఓ మూసిన తలుపు ముందు నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చంకలో బొమ్మల అట్ట, తలుపు తట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

ఆ తలుపు నాటకశాల వెనక వరండాలో చివరి గదిది. లోపల ఉన్నది అద్దెల రాణి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పి ముందుకు పోదాం. పెన్సిలు ఓ దినపత్రికలో క్యారికేచర్లు గీస్తుంది. పెద్దమనుషుల ముక్కులు సాగదీయడం, బొజ్జలు ఊదడం ఆమె ఉద్యోగం. సన్నగా పొడుగ్గా ఉంటుందని పెట్టారో, చెవి వెనక ఎప్పుడూ ఓ పెన్సిలు దోపుకుని తిరుగుతుందని పెట్టారో గానీ ఆ పేరు అతుక్కుపోయింది. కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆడుతున్న ‘వానల వీధి’ సంగీత నాటకం కోసం నాటకశాలకి కొత్తగా రంగులు వేయించి, కొత్త కుర్చీలు వేయించి, ముందు హాలు గోడ మీద ఆ నాటకంలోని పాత్రలన్నిటి క్యారికేచర్లూ పెడదామని మేనేజరు అనుకున్నాడు. ఆ పని పెన్సిలుకి దక్కింది. పత్రికాఫీసులో ఈ కబురు విన్నప్పుడు ఆమె కుర్చీలోంచి లేచి గంతేసిందంటే నమ్మండి. ఎందుకంటే ఆ నాటకం ఆమెకు నాటకం కాదు, పుట్టిల్లు. పాటలన్నీ నోటికొచ్చు, మాటలన్నీ నోటికొచ్చు, ఎవరు ఎటునుంచి వస్తారో ఎటు పోతారో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. గిట్టనివాడి ముక్కు సాగదీయడం సులువు. ప్రాణంగా చూసుకున్నవాళ్ళ ముక్కు సాగదీయాలంటే చెయ్యి రాదు. అయినా కిందా మీదా పడి దాదాపు అందరినీ గీసేసింది. గొడుగులు కుట్టే ముసలాయన్ని సగం ముడిచిన గొడుగులా గీసింది. ఎప్పుడు చెప్పినా తప్పే చెప్పే వాన జోస్యుణ్ణి గాలి దిక్కు చెప్పడానికి మేడ మీద గిర్రున తిరిగే రేకు కోడిపుంజు మెడతో గీసింది. మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మిగిలింది ఒక్క అద్దెల రాణి, వానలో తడిసినందుకు కూడా అద్దె వసూలు చేసే పిసినారి ఇంటావిడ. ఆవిడ బొమ్మా గీసి ఇచ్చింది గానీ, అది చూసి మేనేజరు నవ్వలేదు. “ఏంటమ్మా ఇది, పాస్‌పోర్టు ఫొటోలా ఉంది? ఆవిడ వంకర నవ్వేదీ? ఆ నవ్వు కోసమే కదా జనం టిక్కెట్టు కొనేది!” అన్నాడు. రేపు సాయంత్రానికి సరైన బొమ్మ రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.

నవ్వు ఎందుకు గీయలేదో పెన్సిలు చెప్పలేదు. చెప్పుకోలేని సంగతి చూసింది మరి. మొన్న ఆట అయ్యాక తెర పక్కన నిలబడి ఉంటే, అద్దెల రాణి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. రంగు పోయింది. వంకర పోలేదు. గ్లాసులో గొట్టం వేసుకుని, ఎడమ పెదవి మూలని వేలితో అదిమి పట్టుకుని నీళ్ళు తాగింది. అది నటన కాదని, ఆ మొహంలో ఓ పక్క మాట వినదని పెన్సిలుకి అప్పుడు తెలిసింది. ఇంటికి పోయి బొమ్మలో మూతి సరిచేసింది. మర్నాడే కబురొచ్చింది, పెద్దమ్మ రమ్మంటోందని. అద్దెల రాణి వేషం వేసే ఆవిడని నాటకశాలలో అందరూ అలాగే పిలుస్తారు.

ఇదీ సంగతి. ఇక తలుపు దగ్గరికి వెళ్దాం.

“తలుపు కొట్టడానికి కూడా ముహూర్తం చూడాలా?” లోపల్నించి గొంతు వచ్చింది. “ఇందాకట్నుంచీ సందులోంచి నీ చెప్పులు కనబడుతున్నాయి. రా లోపలికి.”

పెన్సిలు లోపలికి అడుగుపెట్టింది. చిన్న గది. అద్దం చుట్టూ బల్బులు, వాటిలో ఓ రెండు మాడిపోయి ఉన్నాయి. కొక్కేనికి అద్దెల రాణి కోటు వేలాడుతోంది, నడుముకి తాళాల గుత్తితో సహా. ఆ కోటు పక్కన కూర్చున్న మనిషి మాత్రం చిన్న పిట్టలా ఉంది. స్టేజీ మీద కొండలా కనబడే మనిషి ఈవిడేనా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఒక కనుబొమ దిద్దుకోవడం అయింది, రెండోది ఇంకా అవలేదు. కుడి చెవి వెనక వేళ్ళతో రాసుకుంటోంది.

“కూర్చో. పొద్దుట్నుంచీ చెవి కింద ఒకటే సలుపు. ఏదీ, బొమ్మ ఇలా తే.”

“ఇది సరిగ్గా రాలేదండీ. మళ్ళీ గీసి...”

“తెమ్మన్నానా?”

తెచ్చింది. పెద్దమ్మ ఆ కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. తర్వాత అద్దానికి ఆనించి నిలబెట్టి, బొమ్మనీ అద్దంలో తన మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. పెన్సిలు కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడింది.

“ఎవరీవిడ?”

“మీరేనండీ. అంటే, అద్దెల రాణి.”

“అబద్ధం. ఈవిడ ఇంట్లో అద్దెకు దిగితే మొదటి నెల అద్దె వదిలేస్తుంది. రెండో నెల మన పిల్లలకి జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. ఎంత మంచి మనిషో పాపం! నాటకంలో ఈవిడకి పనేముంది?”

పెన్సిలుకి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందోనని ఆపుకుంది.

“గడ్డం పెంచావు, బాగుంది. మెడ పొట్టి చేశావు, అదీ బాగుంది. కనుబొమలు రెండు గొంగళిపురుగుల్లా పెట్టావు, నాకు నచ్చింది. మరి మూతి దగ్గరికొచ్చేసరికి ఏమొచ్చింది నీకు? ఆ మూతి ఎవరిది? నీదా?”

“అది కాదండీ...”

“మరేదమ్మా? నోరు తెరిచి చెప్పు.”

పెన్సిలు ఇక దాచలేకపోయింది. “మొన్న తెర పక్కన చూశానండీ. మీరు నీళ్ళు తాగడం. అది జబ్బని అప్పటిదాకా నాకు తెలీదు. చిన్నప్పట్నుంచీ మిమ్మల్ని చూస్తున్నాను. మేం తడిసి ఇంటికొస్తే మా అమ్మ గుమ్మంలో నిలబడి మూతి ఓ పక్కకి తిప్పి, ‘అద్దె ఇచ్చి కదా తడిసేది’ అనేది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్ళం. మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు. మా ఇల్లే కాదు, ఊరంతా అలాగే మూతి తిప్పుతుంది. ఇన్నేళ్ళూ మేమంతా మీ జబ్బుని వెక్కిరించామని తలుచుకుంటే నాకు చచ్చిపోవాలనిపించిందండీ. దాన్ని పట్టుకెళ్ళి గోడ మీద నేను మళ్ళీ పెద్దది చేసి పెట్టనా?”

చెప్పడం అయ్యేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దమ్మ కనుబొమ దిద్దుకునే పుల్ల బల్ల మీద పెట్టింది. కోపం వచ్చిందో జాలేసిందో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

“నా మూతి సరిచేసే హక్కు నీకెవరిచ్చారు?” అంది నెమ్మదిగా. “డాక్టర్లే చెయ్యలేకపోయారు. నువ్వు రబ్బరుతో తుడిచి చేసేశావు. చాలా తెలివైనదానివే!”

పెన్సిలు తల ఇంకా దించుకుంది.

“తల ఎత్తు. తిట్టడానికి పిలవలేదు. నీ మిగతా బొమ్మలు చూశాను. మేనేజరు తెచ్చి చూపించాడు. ఆ గొడుగు ముసలాయన బొమ్మ చూసి ఎంతసేపు నవ్వానో, తర్వాత ఎంతసేపు దిగులుపడ్డానో నీకు తెలీదు. ఆ వేషం వేసేవాడికి నడుం నొప్పి. నిలువుగా నిలబడలేడు. నువ్వు ఆ నడుం నొప్పినే గొడుగు చేశావు. అది చూసే అనుకున్నాను, ఈ పిల్లకి చెయ్యి ఉందీ, కన్నూ ఉందీ అని. నా దగ్గరికొచ్చేసరికి కన్ను మూసుకుంటే ఒళ్ళు మండదా?”

పెద్దమ్మ స్టూలు కాలితో ముందుకి తోసింది. పెన్సిలు కూర్చుంది.

“ఈ నాటకం మొదలుపెట్టిన రెండో ఏడాది. ఓ రోజు పొద్దున లేచి మొహం కడుక్కుంటే నోట్లో పోసుకున్న నీళ్ళు నోట్లో నిలవలేదు. అద్దంలో చూసుకుంటే ఎడమ పక్క మొహం ఇంకా నిద్రలేవలేదు. కన్ను మూతపడదు. పెదాలు కలవవు. డాక్టరు ముందు కూర్చుని ‘పాప’ అనమంటే గాలొచ్చింది. ‘అమ్మ’ అనమంటే ఏడుపొచ్చింది. పెదాలు రెండూ కలిస్తే గానీ పలకని అక్షరాలుంటాయి చూడు, ప, బ, మ. ఆ కుటుంబం మొత్తం నా నోట్లోంచి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.”

“మరి పాట?”

“అదీ నా ఏడుపు! అప్పట్లో అద్దెల రాణి పాట వేరే ఉండేది. ‘ముందు పైకం, పిమ్మటే పైకప్పు’ అని మొదలయ్యేది. పెదాలు లేనిదాని చేత పాడించడానికే రాసినట్టు ఉండేది. అప్పటి మేనేజరు వేరే ఆవిణ్ణి చూసుకుంటానన్నాడు. నేనూ సరేనన్నాను. ఒప్పుకోనిదల్లా నాటకానికి పాటలు రాసే హార్మోనియం తాత. అప్పుడు తాత కాదులే, మీసం నల్లగా ఉండేది. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, పై పెదవికీ కింది పెదవికీ మధ్య నిలువుగా ఓ అగ్గిపుల్ల పెట్టుకుని, ఆ పుల్ల పడిపోకుండా ఏ మాటలు పలకొచ్చో ఒక్కొక్కటే వెతికాడు. వచ్చేపోయే రోగులు ఆయన్ని చూసి జాలిపడేవాళ్ళు, పాపం ఈయనకేం జబ్బో అని.”

పెన్సిలు కళ్ళు పెద్దవయ్యాయి. ఊరందరికీ తెలిసిన ఆ పాట, తన ఊయల పాటకంటే ముందు నేర్చుకున్న పాట, లోలోపల మోగడం మొదలుపెట్టింది.

*నీ నెత్తిన జారే నీరంతా నాదే,*
*ఏడ్చినా సరే, నే కరిగేదే లేదే,*
*అద్దె ఇచ్చి కదా తడిసేది!*

చెవి వెనక ఉన్న పెన్సిలు తీసి రెండు పెదాల మధ్యా అడ్డంగా పెట్టుకుని పళ్ళతో పట్టుకుంది. అలాగే పాడింది. పెదాలు ఆ పుల్లని నొక్కలేదు. మొదటి పాదంలో లేదు, రెండో పాదంలో లేదు, మూడో పాదంలోనూ లేదు. ఒక్క ప గానీ, బ గానీ, మ గానీ ఎక్కడా తగల్లేదు. ఇన్నేళ్ళు పాడింది, బడికి పోతూ పాడింది, బట్టలుతుకుతూ పాడింది. తన పెదాలు తనకి అవసరం లేదని ఒక్కసారి కూడా గమనించలేదు.

“అయ్యో!” అంది, పెన్సిలు చేతిలోకి తీసుకుని. “ఎంత పని చేశారండీ ఆయన!”

“పాట ఒక్కటే కాదు. ఆ ఏడాది వేషం మొత్తానికి మాటలు మార్చాడు. ఇక తర్వాతది నేను చేసింది.” పెద్దమ్మ గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. “మళ్ళీ స్టేజీ ఎక్కిన మొదటి రోజు. నవ్వాల్సిన చోట నవ్వాను. కుడి పక్క ఒక్కటే పైకి లేచింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పారిపోదామనుకున్నాను. అంతలో తట్టింది, వాళ్ళు నన్ను చూసి నవ్వలేదు, అద్దెల రాణిని చూసి నవ్వారు. ఆ పిసినారి మనిషి నవ్వుని కూడా సగమే ఖర్చుపెడుతోందని నవ్వారు! అంతే. తిరిగి వాళ్ళ వంక చూసి, కావాలని, ఇంకాస్త పైకి లాగి నవ్వాను. హాలు హోరెత్తిపోయింది. మొదటి నవ్వు జబ్బుది. రెండోది నాది. ఏడాది తిరిగేసరికి పెదాలు మళ్ళీ కలిశాయి, పాత మాటలు చాలావరకు తిరిగొచ్చాయి. వంకర కాస్త మిగిలింది. ఆ మిగిలిన కాస్తనీ అపురూపంగా పెంచుకున్నాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి తిప్పిందే, అది నా జబ్బు కాదు, నా పనితనం. ఊరంతా దాన్ని ముద్దు చేసింది. నువ్వేమో వచ్చి జాలిపడుతున్నావు.”

పెన్సిలు అద్దంలో ఆ మొహాన్ని కొత్తగా చూసింది. ఈవిడని ఇన్నేళ్ళూ మెచ్చుకున్నాననుకుంది. మెచ్చుకోవడం ఇప్పుడు మొదలైందని అనిపించింది. ఎవరైనా అందాన్ని చూపించి చప్పట్లు కొట్టించుకోగలరు. తనని కూల్చేసిన దాన్నే చేత్తో పట్టుకుని, దుమ్ము దులిపి, దానికి నడక నేర్పి స్టేజీ మీదికి పంపిన మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

“లోపాన్ని గీస్తే అది వెక్కిరింపు,” అంది పెద్దమ్మ. “ఆ లోపంతో మనిషి ఏం చేసిందో గీస్తే అది బొమ్మ. నీకు రెండోది వచ్చు. కాగితం తియ్యి. పాడతాను, గియ్యి.”

పెన్సిలు అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుంది. పెద్దమ్మ లేచి కోటు తొడుక్కుంది, తాళాలు గలగలమన్నాయి, గదిలో ఉన్న గాలంతా ఆవిడ వైపు జరిగినట్టయింది. పిట్ట పోయింది, కొండ వచ్చి నిలబడింది.

“నీ నెత్తిన జారే...”

ఇంత దగ్గర్నుంచి ఆ పాటని పెన్సిలు ఎన్నడూ వినలేదు. గొంతు చెవులకి కాదు, స్టూలు కాళ్ళకి తగులుతోంది. ‘నాదే’ అని ఆ స్వరాన్ని నిలబెట్టినప్పుడు మెడ మీద ఓ నరం తాడులా లేచింది, గడ్డం ముందుకి పొడుచుకొచ్చింది, ఒక కన్ను చిన్నదైంది, ఎడమ బుగ్గ కదలకుండా బరువుగా వేలాడింది, కుడి పెదవి మూల మొత్తం బరువంతా మోస్తూ పైకి, ఇంకా పైకి లేచింది. చూడ్డానికి అందంగా లేదు. చూపు తిప్పుకోవడానికీ వీల్లేదు. పెన్సిలు చెయ్యి దానంతటదే కదిలింది. మొన్న ఎన్ని కాగితాలు చించిందో ఆ చెయ్యే మర్చిపోయింది. ఒకే గీత గడ్డం దగ్గర మొదలై, మూతి మీదుగా సాగి, చెవి దాకా ఎక్కి, అక్కడ తాళాల గుత్తిలా వేలాడింది. మొహం అంతా ఓ పాత ఇల్లు అయింది, సగం కిటికీలు మూసి, సగం కిటికీల్లో దీపాలు వెలుగుతున్న ఇల్లు.

పాట ఆగింది. పెన్సిలు కాగితం అందించింది.

పెద్దమ్మ చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత తాళాలు కదిలాయి, తర్వాత ఆవిడ కుర్చీలో కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

“ఓసి నీ అఘాయిత్యం కూలా! ఇల్లు చేశావా నన్ను? సగం కిటికీలు మూసేశావా? ఇదిగో, ఇదీ నేను! ఇది గోడెక్కితే కింద నిలబడి ఒక్కొక్కరూ మూతి తిప్పి చూసుకోవాలి!” కాగితాన్ని అద్దానికి ఆనించింది. పాత బొమ్మని తీసి బోర్లా పడేసింది. “ఇంకోటి గియ్యి. ఈసారి ఆఖరి చరణం. అక్కడ ఇంకా భయంకరంగా ఉంటాను.”

పెన్సిలు మొహం వెలిగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది. రెండో కాగితం తీసింది. పెద్దమ్మ మళ్ళీ లేచింది, ఆఖరి చరణం ఎత్తుకుంది. పెన్సిలు ఇప్పుడు భయపడట్లేదు. కన్ను చూసింది చూసినట్టు చేతికి చెబుతోంది, చెయ్యి దాన్ని ఓ పిసరు పెంచి కాగితానికి చెబుతోంది. గడ్డం, మెడ, మూతి, కన్ను. పాట అయిపోయే వేళకి బొమ్మా అయిపోయింది. తల ఎత్తి నవ్వబోయి, మొదటి బొమ్మ వంక చూసి, చేతిలో ఉన్నదాని వంక చూసి ఆగిపోయింది.

“ఏదీ?” పెద్దమ్మ లాక్కుని, రెంటినీ పక్కపక్కన పెట్టింది. కాసేపు చూసింది. “అదేంటే? నా నవ్వేదీ?”

మొదటి బొమ్మలో చెవి దాకా ఎగబాకిన గీత, రెండో బొమ్మలో సగం దూరం వెళ్ళి కిందికి వాలిపోయింది. వెలుగుతున్న కిటికీల్లో కూడా తలుపులు సగం వాలిపోయి ఉన్నాయి.

“నాకు కనబడినట్టే గీశానండీ,” అంది పెన్సిలు. “కావాలని చేసింది కాదు. ఆఖర్న కుడి పక్క... లేవలేదండీ.”

పెద్దమ్మ అద్దం దగ్గరికి వంగింది. కుడి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. కుడి కన్ను గట్టిగా మూసింది. రెప్పలు పూర్తిగా కలవక, మధ్యలో తెల్లగా ఓ గీత మిగిలిపోయింది. చెవి వెనక వేళ్ళు పెట్టి నొక్కుకుంది. ఆ సలుపు ఆవిడకి కొత్తది కాదు, ఆ రెండో ఏడాది ఎడమ చెవి కింద ఎరిగిన సలుపే. అద్దంలో తనని తాను సూటిగా చూసుకుంటూ, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, “పాప,” అంది.

గాలి వచ్చింది. సగం అక్షరం వచ్చింది.

వరండాలో మొదటి గంట మోగింది.

పెన్సిలు చటుక్కున లేచింది. “డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి. నేను మేనేజరుగారికి చెప్తాను, ఆట ఆపేస్తారు. ఒక్క పూటే కదండీ!”

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. పుల్ల తీసుకుని రెండో కనుబొమ దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు నెమ్మదిగా అంది.

“ఆట అయ్యాక డాక్టరు. నాలిక కదిలితే చాలదా నాకు?”

“మీరిప్పుడు ఎలా పాడతారండీ?”

“తెలిసిన దారే ఇది. తాత దగ్గరికెళ్ళి, ‘ఈరోజు ఆనాటి రీతి’ అను. చాలు.” పెన్సిలు కదలకపోవడం చూసి కోటు చేతులు సర్దుకుంది. “ఏడ్చేదానికి ఇది చోటు కాదే. కదులు!”

వరండాలో పరుగెత్తుతుంటే పెన్సిలుకి వెలిగింది. ఆ ‘పాప’ తర్వాత ఆవిడ అన్న మాటల్లో ఒక్కదానికీ పెదాలు కలవనక్కర్లేదు. అప్పుడే, అద్దం ముందు కూర్చునే, ఆవిడ మొదలుపెట్టేసింది.

స్టేజీ ముందు గుంటలో వాద్యాల వాళ్ళు శ్రుతి చూసుకుంటున్నారు. హార్మోనియం తాత కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పెన్సిలు వంగి, రొప్పుతూ, ఆయన చెవిలో చెప్పింది. “తాతగారూ, పెద్దమ్మ చెప్పమన్నారండీ. ఈరోజు ఆనాటి రీతి అని.”

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఏం జరిగిందనీ అడగలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఏ పక్క?”

“కుడి పక్కండీ.”

“అయితే ఇక రెండూ...” అని, మిగతాది మింగేశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. “ఆ మాటలు నేను రాసి చాలా ఏళ్ళయిందమ్మా. నాకైతే సగం కూడా గుర్తులేవు. ఆవిడకి గుర్తుంటే సరే. లేకపోతే అక్కడికక్కడే పుట్టించుకోవాలి. నువ్వు తెర పక్కకి పో. ఆవిడకి కనబడేలా నిలబడు. సంగతి తెలిసినవాళ్ళు ఒకరు పక్కన ఉన్నారంటే మనిషికి ధైర్యం.”

పెన్సిలు తెర పక్కకి చేరేసరికి దీపాలు ఆరాయి. తెర లేచింది. తడిసిన వీధి, గొడుగుల కొట్టు, అరుగు మీద వణుకుతూ అద్దెకున్నవాళ్ళు. రోజూ ఈ సమయానికి అద్దెల రాణి దూకుడుగా వచ్చి, ‘ఏమర్రా, బతికే ఉన్నారా?’ అంటుంది. హాలంతా ఆ మాట కోసం ముందే నవ్వు సిద్ధం చేసుకుని ఉంటుంది.

తాళాల చప్పుడు వినబడింది. ఆవిడ వచ్చింది. ఈరోజు దూకుడు లేదు. నింపాదిగా నడిచి, అద్దెకున్నవాళ్ళని ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి చూసింది. ఆ మొహంలో ఏదీ కదల్లేదు. అద్దెల రాణి ఇంత భయంకరంగా ఎప్పుడూ లేదు. నవ్వుని సగమే ఖర్చుపెట్టే మనిషి ఇవాళ అది కూడా దాచేసుకుంది.

“ఏర్రా,” అంది అద్దెల రాణి, విసుగ్గా. “చచ్చినట్టు లేరే ఇంకా!”

హాలు బద్దలైంది. పైన బాల్కనీలో ఎవరో కాళ్ళు నేలకేసి కొడుతూ నవ్వారు. గుంటలో హార్మోనియం తాత తల వంచుకుని ఉన్నాడు, కానీ వేళ్ళు మెట్ల మీద పరుగెత్తుతున్నాయి. పెన్సిలు రెండు చేతులతో నోరు మూసుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలీదు. ఒక్కో మాటా వస్తుంటే లోపల లెక్క చూసుకుంటోంది. ఇందులో లేదు. ఇందులోనూ లేదు. మాట తడబడాల్సిన చోట ఆవిడ తాళాల గుత్తి విదిలిస్తోంది, ఆ విదిలింపు కూడా మాటలాగే ఉంటోంది. గొడుగు ముసలాయన వేషగాడు బిత్తరపోయినా, సర్దుకుని అందుకుంటున్నాడు. గండం గట్టెక్కినట్టే ఉంది. పాట మొదలైంది. ఆ పాటకి భయం లేదు. తాత రాసిన పాట, పెదాలు అడగని పాట.

అప్పుడు గుర్తొచ్చింది పెన్సిలుకి.

పాట చివర ఏముందో ఆమెకు తెలుసు. నాటకం మొత్తం కంఠతా వచ్చినదానికి తెలియకుండా ఎలా ఉంటుంది? పాట కాగానే అద్దెల రాణి ఆకాశం వైపు చెయ్యెత్తి, ‘మబ్బుల మూత తెరవండి!’ అని అరుస్తుంది. ఆ అరుపు వినగానే స్టేజీ నిండా నిజం వాన కురుస్తుంది. గొడుగులన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. ఆ వాన కోసమే ఈ నాటకం. మొన్న స్కెచ్చుల కోసం పైకెక్కినప్పుడు ఆమె చూసింది, వాన మేస్త్రి నల్ల గుడ్డ వెనక కూర్చుంటాడు. స్టేజీ కనబడదు. ఆ మాట చెవినపడితేనే వాల్వు తిప్పుతాడు. ‘మబ్బుల’ అన్న మాట, మొదటి అక్షరం నుంచే పెదాలు కలవాల్సిన మాట!

అటూ ఇటూ చూసింది. మేనేజరు ముందు హాల్లో అతిథులతో ఉన్నాడు. తాత హార్మోనియం వదిలి లేవలేడు. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

“ఏడ్చినా సరే, నే కరిగేదే లేదే...” స్టేజీ మీద గొంతు ఆఖరిసారి ఆ పాదాన్ని అందుకుంది.

పెన్సిలు చెప్పులు విడిచేసి, గోడకున్న ఇనుప నిచ్చెన పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. పైన చీకట్లో వాన మేస్త్రి వాల్వు మీద చెయ్యి వేసుకుని, ఈ పూట ఎంతసేపు కూర్చున్నా రాని మాట కోసం చెవులు రిక్కించి ఉన్నాడు.